గొంతు కన్నా ముందు చెవి

వాట్సాప్‌లో ఎవరికో వాయిస్ మెసేజ్ పంపుతాం. చెయ్యి తగిలి అది మనకే వినిపిస్తుంది. "అయ్యో, ఇది నా గొంతేనా?" అని గబుక్కున ఆపేస్తాం. మీకూ అయ్యే ఉంటుంది. పక్కనున్నవాళ్లను అడిగితే "నీ గొంతే కదా, ఎప్పుడూ ఇలాగే ఉంటుంది" అంటారు. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముందో వాళ్లకు అర్థం కాదు. పుట్టినప్పటి నుంచీ మనతోనే ఉన్న గొంతు ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదికీ తెలుసు, వీధిలో వాళ్లకూ తెలుసు, మనకే తెలియదు.

దీనికి కారణం చాలా మామూలుది. ఎదుటివాళ్ల గొంతు మన చెవికి గాలిలోంచి వస్తుంది. మన గొంతు మాత్రం రెండు దారుల్లో వస్తుంది. నోట్లోంచి బయటికి వెళ్లి గాలి మీదుగా చెవికి చేరేది ఒకటి. గొంతులో పుట్టిన కదలిక దవడ ఎముక, పుర్రె ఎముకల మీదుగా తిన్నగా లోపలి చెవికి చేరేది రెండోది. ఈ ఎముకల దారిలో మంద్రంగా ఉండే ధ్వనులు బాగా వస్తాయి. అందుకే మన గొంతు మనకు నిండుగా, కాస్త బరువుగా వినిపిస్తుంది. రికార్డింగులో ఆ రెండో దారి ఉండదు. అక్కడ వినిపించేదే లోకం వింటున్న గొంతు. 1966లో ఫిలిప్ హోల్జ్‌మన్, క్లైడ్ రౌసీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని గురించి రాస్తూ ఇంకో మాట అన్నారు. రికార్డింగు విన్నప్పుడు కలిగే ఇబ్బంది అంతా గొంతు పలచగా ఉన్నందుకే కాదు. మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండా పలికిన కంగారు, విసుగు, బెరుకు అందులో బయటపడటం వల్ల కూడా మనం ఉలిక్కిపడతామని వాళ్ల అభిప్రాయం. నాకు ఆ మాట చాలా నిజమనిపిస్తుంది. గొంతు సంగతి పక్కన పెట్టినా, ఫోనులో మన మాట మనం విన్నప్పుడు "నేనింత తొందరపడి మాట్లాడతానా?" అనిపించడం లేదూ?

పాడేవాళ్ల మధ్య చాలాకాలంగా మసలుతున్న మనిషిని కాబట్టి నా ఉదాహరణలన్నీ సంగీతం క్లాసువే. "నాకు సంగీతం రాదు, నాకెందుకు ఈ గొడవ" అని పేజీ తిప్పేయకండి. మీరు పిల్లలకు పాఠం చెబుతూ ఉండొచ్చు, కారు నేర్చుకుంటూ ఉండొచ్చు, ఉద్యోగం ఇంటర్వ్యూలకు తయారవుతూ ఉండొచ్చు. సంగతి ఒకటే. పాటలో అయితే తప్పు అప్పటికప్పుడు, అందరి చెవుల్లోనూ పడుతుంది. అందుకని దాన్ని పట్టుకుని మాట్లాడుకోవడం తేలిక.

మన కర్ణాటక సంగీతంలో పాఠం ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. ముందు శ్రుతి. తర్వాతే సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు మొదలుపెట్టే ఈ పద్ధతి పురందరదాసు నాటి నుంచి వస్తోందని సంప్రదాయం చెబుతుంది. అయిదు వందల ఏళ్ల పాఠ్యప్రణాళిక అన్నమాట! అందులో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది వరుసల అమరిక కాదు, వెనకాల మోగే తంబుర. నాలుగు తంతులు. పంచమం, సారణి, అనుసారణి, మంద్ర షడ్జం. ఇప్పుడు చాలా ఇళ్లలో దాని స్థానంలో శ్రుతి బాక్సో, ఫోనులో తంబుర యాపో ఉంటుంది. ఏదైనా అది చేసే పని మాత్రం అదే. పాడుతున్నంతసేపూ అది జవాబు చెబుతూనే ఉంటుంది.

ఎలాగంటారా? తంబుర షడ్జం సెకనుకు 240 సార్లు కంపిస్తోందనుకోండి. మీరు 243 దగ్గర పాడుతున్నారు. అప్పుడు ఆ రెండు ధ్వనులూ కలిసి సెకనుకు మూడుసార్లు ఊగుతాయి. ఆ ఊపు చెవికి స్పష్టంగా తెలుస్తుంది. గొంతును కొద్దిగా దించితే ఊపు నెమ్మదిస్తుంది, ఇంకొంచెం దించితే ఆగిపోతుంది. రెండు ధ్వనులూ ఒకటైపోతాయి. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, మార్కులు వెయ్యలేదు. పని ఎక్కడ ఉందో, ఎక్కడ ఉండాలో, మధ్య ఎంత దూరం ఉందో మాత్రం తెలిసింది. ఇంతకన్నా మంచి ఫీడ్‌బ్యాక్ నేను ఇంకెక్కడా చూడలేదు.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ ఊపు వినపడదు. తంబుర మోగుతూనే ఉంటుంది, వాళ్లు పక్కకు జరిగిపోయి పాడుతూనే ఉంటారు. "శ్రుతి కలవలేదమ్మా" అంటే కళ్లు పెద్దవి చేసి చూస్తారు. వాళ్లది మొండితనం కాదు, వాళ్లకు నిజంగా తేడా తెలియదు. శ్రుతిలో పాడటానికి ఏ చెవి కావాలో, శ్రుతి తప్పానని తెలుసుకోవడానికీ ఆ చెవే కావాలి. అది ఇంకా తయారు కాలేదు. పాడటం రాకపోవడం, రాలేదని తెలియకపోవడం వేర్వేరు లోపాలని మనం అనుకుంటాం. రెంటికీ వేరు ఒక్కటే.

1999లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ సరిగ్గా ఈ సంగతినే పరీక్షించారు. వాళ్ల పేరు మీద ఇప్పుడు లోకమంతా ఒక మాట చలామణిలో ఉంది. ఎవరినైనా "నీకేం తెలియదు, తెలియదని కూడా తెలియదు" అని వెక్కిరించడానికి దాన్ని వాడుతున్నారు. అసలు పరిశోధన వెక్కిరింపు కోసం కాదు, చదివితే మనసు కరుగుతుంది. విద్యార్థులకు తర్కంలో, ఇంగ్లిషు వ్యాకరణంలో, జోకుల్లో మంచి చెడ్డలు పోల్చుకోవడంలో పరీక్షలు పెట్టారు. తర్వాత "నూటికి ఎంతమంది కన్నా బాగా రాశావనుకుంటున్నావు?" అని అడిగారు. అట్టడుగు పావు భాగంలో ఉన్నవాళ్లు నిజానికి సగటున 12 మందిని దాటారు. 62 మందిని దాటామని అనుకున్నారు. ఈ తేడాలో కొంత భాగం లెక్క కట్టిన తీరు వల్లే వస్తుందని తర్వాత చాలామంది వాదించారు. ఆ వాదనలో పస ఉంది. కానీ ఆ పరిశోధనలో అంతగా ప్రచారంలోకి రాని రెండు ప్రయోగాలున్నాయి. నా దృష్టిలో అసలు విషయం వాటిలోనే ఉంది.

ఒకదాంట్లో పరీక్ష రాసినవాళ్లకు తోటివాళ్ల జవాబు పత్రాలు కొన్ని ఇచ్చి దిద్దమన్నారు. బాగా రాసినవాళ్లు అవి చూసి "ఓహో, నేను అనుకున్నదాని కన్నా మెరుగే" అని తమ అంచనా సవరించుకున్నారు. వెనకబడినవాళ్లు అవే పత్రాలు చూశారు, వాళ్ల అంచనాలో మార్పు రాలేదు. మంచి జవాబును చూసినా అది మంచిదని పోల్చుకునే సాధనం వాళ్ల దగ్గర లేదు. రెండో ప్రయోగంలో కొందరికి తర్కం మీద చిన్న పాఠం చెప్పారు. చెప్పాక, వాళ్లు ముందు రాసిన పరీక్షనే మళ్లీ చూసుకోమన్నారు. అప్పుడు తమ తప్పులు తామే పట్టుకున్నారు. తమ గురించి తాము వేసుకున్న అంచనా ఒక్కసారిగా నిజానికి దగ్గరగా వచ్చింది. వాళ్లను ఎవరూ నిందించలేదు. కాస్త నేర్పారు, అంతే. ఆత్మపరిశీలన చేసుకోమని పిల్లల్ని గంటల తరబడి కూర్చోబెట్టే పెద్దలకు ఈ ప్రయోగం గురించి చెప్పాలని నాకు చాలా కోరిక. తనను తాను చూసుకోవడానికి కూడా పనితనం కావాలి. ఆ పనితనం నేర్పితే వస్తుంది.

మనకు తెలియని మన సంగతి అనగానే అందరికీ తప్పులే గుర్తొస్తాయి. అది సగం మాటే. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హ్యారీ ఇంగమ్ అనే ఇద్దరు ఒక నమూనా తయారు చేశారు. ఇద్దరి పేర్లనూ కలిపి దాన్ని జోహారీ కిటికీ అంటారు. నాలుగు అద్దాల కిటికీ అనుకోండి. నాకూ తెలిసి నలుగురికీ తెలిసింది ఒక అద్దం. నాకు తెలిసి నేను బయటపెట్టనిది ఇంకొకటి. ఎవరికీ తెలియనిది మరొకటి. నలుగురికీ తెలిసి నాకు తెలియనిది మిగిలిన అద్దం. ట్రెయినింగ్ క్లాసుల్లో ఈ చివరి అద్దం దగ్గరికి రాగానే "మీ లోపాలు" అని మొదలుపెడతారు. నాకైతే అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు గుర్తొస్తారు.

1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. విశాఖపట్నంలో అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్న నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. పాతికేళ్లు దాటిన యువకుడు, కంటిచూపు బాగా తక్కువ. ఆయన వాద్యం విన్న పెద్దలు విద్యార్థిగా కాదు, వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారు. సంగీతలోకంలో అందరూ చెప్పుకునే కథ ఇది. 1936లో ఆ కళాశాలకే ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు. నేర్చుకోవలసింది చాలా ఉందనుకుని వెళ్లిన మనిషికి, నేర్పగలిగినంత తన దగ్గర ఉందని వేరేవాళ్లు చెప్పాల్సి వచ్చింది! ఆ రోజు విన్నవాళ్లు బాగా వినగలిగినవాళ్లు కాబట్టి సరిపోయింది. ఎంతమంది ఇళ్లలో ఎంత విద్య అలా చెప్పే చెవి దొరక్క ఉండిపోయిందో అని నాకు బాధగా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా బాగా వస్తే వాళ్లకది తెలుసులే అని ఊరుకోకండి. చాలాసార్లు తెలియదు. చెప్పండి.

అయితే చెప్పడం అంత తేలిక కాదు. ఇక్కడ నేను కళ్లారా చూసిన ఒక పాఠం గురించి కొంచెం వివరంగా చెబుతాను.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ సంగీతం మొదలుపెట్టారు. చిన్నప్పుడు నేర్చుకోవాలనుకున్నా కుదరలేదట. అంతకుముందు ఎక్కడో కొన్నాళ్లు వెళ్లారు. అక్కడ "మీ వయసులో ఇంతకన్నా రాదులెండి" అన్నారట. ఆ మాట ఆవిడలో ఎంత లోతుగా దిగిందంటే, కూర్చుని 'స' అనకముందే "నాకు పైస్థాయి రాదండీ" అని చెప్పేసేవారు. ఆరోహణ పాడితే నిజంగానే తారస్థాయి షడ్జం కిందికి జారేది. వెంటనే ఆపేసి, క్షమించమన్నట్టు నవ్వేవారు.

గురువుగారు పెద్దాయన. ఆవిడతో నాలుగైదుసార్లు అదే వరుస పాడించారు. ఏమీ అనలేదు. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత అన్నారు: "చూడండమ్మా, మీ పై షడ్జంలో దోషం లేదు. ధైవతం దగ్గరికి వచ్చేసరికే మీకు ఊపిరి అయిపోతోంది. మిగిలిన రెండు స్వరాలూ గడ్డం పైకెత్తి లాక్కొస్తున్నారు. పంచమం అయ్యాక చిన్నగా ఊపిరి తీసుకోండి. గడ్డం ఎత్తకండి. మళ్లీ పాడండి."

ఆవిడ పాడారు. పంచమం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, 'ద ని స' అన్నారు. షడ్జం వెళ్లి తంబురలో కలిసిపోయింది. ఆవిడే నమ్మలేదు. ఇంకోసారి పాడారు. ఈసారి గడ్డం కాస్త లేచింది, స్వరం కాస్త జారింది. గురువుగారు నోరు తెరవకముందే "గడ్డం ఎత్తాను కదండీ?" అన్నారావిడ. పాఠం అక్కడికి పూర్తయిందని నాకనిపించింది. స్వరం కుదిరినందుకు కాదు, జారిన చోటు ఆవిడే పట్టుకున్నందుకు.

"మీ వయసులో రాదు" అన్న మాటనూ, "పంచమం దగ్గర ఊపిరి తీసుకోండి" అన్న మాటనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది మనిషి మీద తీర్పు. విన్నాక చేయడానికి ఏమీ మిగలదు, బాధపడటం తప్ప. రెండోది పని గురించి. వినగానే చేసి చూడొచ్చు. అవ్రహామ్ క్లూగర్, ఆంజెలో డెనిసి అనే పరిశోధకులు అప్పటిదాకా ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి 1996లో ఒక పెద్ద సమీక్ష ప్రచురించారు. మొత్తం 607 ఫలితాలు. సగటున చూస్తే ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగైంది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని ముందుకన్నా దిగజారింది! చెప్పకుండా ఊరుకుంటేనే నయం అన్నమాట. ధ్యాస పని మీద నుంచి తప్పి "నేనెలాంటివాణ్ణి, నన్నేమనుకుంటున్నారు" అన్నదాని మీదికి మళ్లేకొద్దీ ఫీడ్‌బ్యాక్ పట్టు తగ్గిపోతుందని వాళ్లు తేల్చారు.

మన ఇళ్లలో మాటలు ఒకసారి గుర్తుచేసుకోండి. "నీకు చెవే లేదు." "పక్కింటి పిల్లను చూడు, ఎలా పాడుతోందో." "మన వంశంలో ఎవరికీ రాలేదు, నీకెక్కడ వస్తుంది." ప్రేమ లేక అనరు ఈ మాటలు, అలవాటుగా అనేస్తారు. విన్న పిల్ల మాత్రం పాట వదిలేసి తన గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది. పొగడ్త కూడా ఇందుకు మినహాయింపు కాదు. "అబ్బ, అచ్చం సుశీలమ్మే!" అంటే పిల్ల మురిసిపోతుంది, మురవనివ్వండి, తప్పులేదు. అయితే రేపు ఏం సాధన చేయాలో ఆ మాటలో లేదు. పైగా తర్వాతిసారి పాడేటప్పుడు సుశీలమ్మలా లేకపోతే ఏమవుతుందో అన్న భయం కూడా చేరుతుంది. "రెండో సంగతిలో ఆ జారు ఎంత బాగా పలికిందో! నిన్న అక్కడ తడబడ్డావు" అని చూడండి. ఆ పిల్ల మొహం ఎలా వెలుగుతుందో మీకే తెలుస్తుంది. ఏది చేస్తే బాగుందో చేతికి అందింది మరి.

ఇక అడిగే తీరు. "ఎలా పాడాను?" అని అడిగితే ఎవరైనా "బాగా పాడావు" అనే అంటారు. మంచి మనుషులు అలాగే అంటారు. ఆ ప్రశ్నకు వేరే జవాబు ఇవ్వాలంటే చాలా ధైర్యం కావాలి. ప్రశ్నను చిన్నది చేసి చూడండి. "చరణంలో తాళం పరిగెత్తిందా?" "అనుపల్లవి ఎత్తుకున్నప్పుడు సాహిత్యం స్పష్టంగా వినపడిందా?" ఇలా అడిగితే సంగీతం తెలియనివాళ్లు కూడా ఉన్నమాట చెప్పగలుగుతారు, వాళ్లకు మొహమాటమూ ఉండదు. ఆఫీసులో ప్రెజెంటేషన్ అయ్యాక "ఎలా ఉంది?" అనే బదులు "మూడో స్లైడు దగ్గర అందరూ ఫోన్లు చూసుకున్నారు, అక్కడ ఏం అర్థం కాలేదు?" అని అడగండి. చెప్పినవాళ్లకు వెంటనే సంజాయిషీ ఇవ్వకండి. "నిన్న జలుబు చేసింది", "మైకు బాగాలేదు" అన్నామంటే చెప్పినవాళ్లు ఇంకోసారి నోరు తెరవరు. ఓ కాగితం మీద రాసుకుని, మర్నాడు చూసుకుంటే చాలు. మర్నాటికి ఆ మాటలో ముల్లు పోయి విషయం మిగులుతుంది.

డేవిడ్ కోల్బ్ అనే విద్యావేత్త 1984లో రాసిన పుస్తకంలో నేర్చుకోవడాన్ని ఒక చక్రంగా చూపించాడు. చేయడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, ఆ సూత్రాన్ని మళ్లీ చేసి పరీక్షించడం. ఇంతే. వినడానికి "ఇందులో కొత్తేముంది" అనిపిస్తుంది. కానీ మనలో చాలామంది సాధన మొదటి మెట్టు దగ్గరే గింగిరాలు కొడుతూ ఉంటుంది. రోజూ గంటసేపు పాడతాం. అదే తప్పుతో అదే వరుస పాడితే ఏడాది తిరిగేసరికి ఆ తప్పు గట్టిపడుతుంది. బెర్లిన్ సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో రాసిన వ్యాసం పదివేల గంటల సిద్ధాంతంగా జనంలోకి వెళ్లింది. గంటల లెక్క ఒక్కటే పట్టుకున్నందుకు ఎరిక్సన్‌కే బాధ కలిగింది. రానిదాన్ని ఏరి, దాని మీదే మనసు పెట్టి, సరిచూసుకుంటూ చేసే సాధన గురించి ఆయన మాట్లాడాడు. అలాంటి సాధన అలసటగా ఉంటుంది, ప్రతి నిమిషమూ హాయిగా ఉండదు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. హాయిగా లేకపోతే తమకు విద్య రాదేమోనని వాళ్లు బెంగపెట్టుకుంటారు.

"అన్నీ బాగున్నాయి, మాకు గురువే లేరు" అంటారా? బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కూ లేరు. బోస్టన్‌లో అన్నగారి ప్రెస్సులో పనిచేసే కుర్రాడు. మంచి వచనం రాయాలని కోరిక. 'స్పెక్టేటర్' పత్రిక సంపుటం ఒకటి దొరికింది. అందులో నచ్చిన వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావాన్ని రెండు మూడు మాటల్లో గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ గుర్తులు చూసుకుంటూ వ్యాసాన్ని తన మాటల్లో మళ్లీ రాసేవాడు. తర్వాత అసలుతో పోల్చి దిద్దుకునేవాడు. మాటలు చాలడం లేదని అర్థమయ్యాక, కొన్ని కథలను పద్యాలుగా మార్చి, వాటిని మరిచిపోయాక తిరిగి వచనంలోకి తెచ్చేవాడు. ఆత్మకథలో ఇదంతా ఓపికగా చెప్పాడు. ఒక్కోసారి ఏదో చిన్నచోట అసలుకన్నా తన రాతే మెరుగ్గా ఉందని ముచ్చటపడేవాడట కూడా. మన పాత పద్ధతిలో పెద్దవాళ్ల పాట రేడియోలో విని, పాడుకుని, మళ్లీ విని సరిచూసుకున్నవాళ్లు చేసింది ఇదే. మంచి నమూనా ఒకటి ఎదురుగా ఉంటే, పోల్చుకునే ఓపిక ఉంటే, దూరం కనిపిస్తుంది.

ఫోను రికార్డింగు ఈ రోజుల్లో అందరికీ దొరికిన వరం. పాత రికార్డింగులు చెరిపేయకండి. సంక్రాంతికి పాడి "ఫరవాలేదు" అనుకున్న కీర్తన దసరాకి వింటే అక్కడక్కడా శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. అప్పుడు దిగులు పడతారు చాలామంది. దిగులెందుకండీ! ఫోనులో పాట మారలేదు. సంక్రాంతి నాడు వినపడని తప్పు ఇప్పుడు వినపడుతోందంటే, చెవి ఎదిగింది. గొంతు దాని వెనకాలే వస్తుంది.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఫీడ్‌బ్యాక్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటాం. అది నిజం కాదు. 1990లో కెరోలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ ఒక ప్రయోగం చేశారు. చేతిని ఒక నిర్ణీత పద్ధతిలో కదపడం నేర్పుతూ, కొందరికి ప్రతిసారీ ఫలితం చెప్పారు. కొందరికి సగంసార్లే చెప్పారు. మర్నాడు ఏ ఫలితమూ చెప్పకుండా చేయమంటే సగంసార్లే విన్నవాళ్లు మెరుగ్గా చేశారు. ప్రతిసారీ చెప్పేవాళ్లుంటే మనం వాళ్ల మీద ఆనుకుంటాం. మనలో తప్పు పట్టుకునే శక్తికి పని ఉండదు. గురువుతో గొంతు కలిపి పాడినంతసేపూ బ్రహ్మాండంగా పాడి, ఒంటరిగా పాడమంటే తడబడే పిల్లల్ని చూడని సంగీతం టీచరు ఉండరు. స్వరం సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించే యాప్‌లు వచ్చాయి. మంచివే, మొదట్లో అవసరమే. కానీ పిల్ల కళ్లతో పాడటం మొదలుపెడితే చెవి నిద్రపోతుంది. కొంతసేపు చూసి, కొంతసేపు ఫోను బోర్లించి పాడించండి.

ఇప్పుడు అమెరికాలో ఎంతోమంది తెలుగు పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. డాలస్‌లో శనివారం రాత్రి, హైదరాబాదులో ఆదివారం పొద్దున్న. వీడియో కాల్‌లో ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, కలిపి తాళం వేయడమూ కుదరదు. మొదట్లో ఇదంతా పెద్ద లోటనే అనుకున్నారు. చాలావరకు లోటే కూడా. గురువు పక్కన కూర్చుంటే ఒంటికి పట్టే విద్య వేరు. కానీ ఆ ఆలస్యం వల్ల ఒక మంచి కూడా జరిగింది. గురువు పాడి ఆగాలి. పిల్ల ఒక్కతే పాడాలి. గురువు పూర్తిగా వినాలి. నాకు తెలిసిన ఒక టీచరమ్మ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. పిల్ల పాడగానే తప్పు చెప్పరు. ముందు పిల్లనే అడుగుతారు. ఈ మధ్య విన్న క్లాసులో ఓ పదేళ్ల పాప మోహన వర్ణం రెండో కాలంలో పాడి ఆగింది.

"ఎక్కడ జారిందో నువ్వే చెప్పు నాన్నా."

పాప ఆలోచించింది. "ముక్తాయి స్వరంలో, టీచర్. ధైవతం దగ్గర."

"ధైవతం బాగానే ఉంది. దానికి ముందు పంచమం మీద నిలబడలేదు, తొందరపడ్డావు. ఇంకేమైనా ఉందా?"

"చివర్లో తాళం కూడా కొంచెం ఫాస్ట్ అయింది."

"అది నేను గమనించలేదమ్మా. మళ్లీ పాడు, ఈసారి తాళమే చూస్తాను."